గొంగడిలో ఐసు ముక్క: వేడి ఎలా ప్రయాణిస్తుందో పిల్లల చేతులతోనే నేర్పడం

జనవరి నెల, పొద్దున మొదటి పీరియడ్. నల్లగొండ జిల్లాలోని మా ఉన్నత పాఠశాలలో ఏడో తరగతి పిల్లలు ఇంకా స్వెటర్లు విప్పలేదు. "ఒక చెయ్యి బెంచీ ఇనుప కాలు మీద, ఇంకో చెయ్యి పైన చెక్క మీద పెట్టండి. ఏది చల్లగా ఉంది?" అని అడుగుతాను. "ఇనుముది సార్!" అని క్లాసంతా ఒక్క గొంతుతో అంటుంది. "మరి థర్మామీటరు పెడితే?" "ఇనుము కాడనే తక్కువ చూపిస్తది సార్." రెండు థర్మామీటర్లు తీసి, ఒకదాని బల్బును ఇనుముకు, ఇంకోదాని బల్బును చెక్కకు ఆనించి, పైన దూది పెట్టి టేపు వేస్తాం. అయిదు నిమిషాలు ఆగి చూస్తే రెండూ దాదాపు ఒకే అంకె మీద ఉంటాయి.

పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. ఒకరిద్దరు థర్మామీటరే చెడిపోయిందంటారు. ఉష్ణం పాఠాన్ని నేను అక్కడ మొదలుపెడతాను. ఉష్ణవహనం, సంవహనం, వికిరణం అనే మాటలు ఇంకో రెండు రోజుల దాకా బోర్డు ఎక్కవు. ముందు నిర్వచనం రాయించి తర్వాత ప్రయోగం చూపిస్తే పిల్లలు నిర్వచనమే గుర్తు పెట్టుకుంటారు. ప్రయోగం చూసి "ఎందుకిట్లయింది?" అని వాళ్లే అడిగినప్పుడు ఆ మాట ఇస్తే, అది వాళ్ల సొంతమవుతుంది.

కింద చెప్పేవన్నీ ఆరు నుంచి ఎనిమిదో తరగతి పిల్లలతో నేను చేయించేవి. మొత్తం ఆరు పీరియడ్లు, ఒక ఎండ మధ్యాహ్నం చాలు. ల్యాబు లేని బడిలో కూడా అవుతాయి.

మొదలుపెట్టే ముందు

ఒక్క నియమం మాత్రం గట్టిగా పెట్టుకోండి. ప్రతి కృత్యానికి ముందు ప్రతి పిల్ల, ప్రతి పిల్లవాడు తన అంచనాను నోటుబుక్కులో పెన్నుతో రాయాలి. పెన్సిల్ వద్దు, ఫలితం చూశాక చెరిపేస్తారు. పేజీని మూడు గళ్లు చేయించండి: "నేను అనుకున్నది", "జరిగింది", "ఎందుకు". తప్పు అంచనాకు మార్కులు తగ్గవని మొదటి రోజే చెప్పండి. చెప్పకపోతే పిల్లలు క్లాసులో ఫస్టు వచ్చేవాళ్ల నోటుబుక్కులోకి తొంగిచూసి రాస్తారు.

సామాను చాలావరకు ఊళ్లోనే దొరుకుతుంది. స్టీలు గిన్నెలు, కొవ్వొత్తులు, ఒకే మందం ఉన్న రాగి, అల్యూమినియం, ఇనుప తీగ ముక్కలు (కరెంటు సామాన్ల దుకాణంలో, హార్డ్‌వేర్ షాపులో అడగండి), డ్రాయింగ్ పిన్నులు, ఒకేలాంటి రెండు ఖాళీ డబ్బాలు, అగరుబత్తులు, ఒక ఇస్త్రీ పెట్టె, పాత గొంగడి. పొటాషియం పర్మాంగనేట్ (నీళ్లకు ఊదా రంగు ఇచ్చే గింజలు) బయట కొనాలి, అది మెడికల్ షాపులో అడగండి. పరీక్షనాళిక, గాజు బీకరు, థర్మామీటర్లు మాత్రం ప్రయోగశాలల్లో వాడే రకమే కావాలి. జ్వరం చూసే థర్మామీటరు 35 నుంచి 42 డిగ్రీల మధ్యనే పనిచేస్తుంది, వేడి నీళ్లలో పెడితే పగిలిపోతుంది.

మంట ఉన్న ప్రతి పనీ టీచరు చేతిలోనే ఉండాలి. చున్నీలు వెనక్కి కట్టించండి, జడలు వెనక్కి వేయించండి, టేబుల్ పక్కన ఒక బకెట్ ఇసుక, ఒక బకెట్ నీళ్లు పెట్టండి. పిల్లలు ముట్టుకునే వేడి నీళ్లు చెయ్యి పెట్టగలిగే గోరువెచ్చదనం దాటకూడదు. చెయ్యి కాలితే కుళాయి నీళ్ల కింద ఇరవై నిమిషాలు పట్టి ఉంచాలి. టూత్‌పేస్టు, పసుపు, ఐసు ఏవీ పెట్టొద్దు. ఈ సంగతి పిల్లలకు కూడా ముందే చెప్పండి, ఇంట్లో పొయ్యి దగ్గర కూడా పనికొస్తుంది.

మొదటి అడుగు: చెయ్యి థర్మామీటరు కాదు

బెంచీ పని అయ్యాక మూడు గిన్నెలు పెట్టండి. ఎడమ గిన్నెలో ఐసు వేసిన నీళ్లు, కుడి గిన్నెలో గోరువెచ్చని నీళ్లు, మధ్యలో మామూలు నీళ్లు. ఒక పిల్ల ఎడమ చెయ్యి చల్లనీళ్లలో, కుడి చెయ్యి వెచ్చనీళ్లలో ఒక నిమిషం ఉంచి, తర్వాత రెండు చేతులూ మధ్య గిన్నెలో పెట్టాలి. ఒకే గిన్నె ఎడమ చేతికి వెచ్చగా, కుడి చేతికి చల్లగా తగులుతుంది. ఆ క్షణంలో ఆ పిల్ల మొహం చూడాలి! క్లాసులో ప్రతి ఒక్కరూ తమకూ కావాలంటారు, అందరికీ అవకాశం ఇవ్వండి. ఈ కృత్యానికి పీరియడ్ మొత్తం పోయినా నష్టం లేదు.

ఇప్పుడు బెంచీకి తిరిగి రండి. మన చర్మం దాదాపు 33, 34 డిగ్రీల దగ్గర ఉంటుంది. జనవరి పొద్దున బెంచీ అంతకంటే చల్లగా ఉంటుంది కాబట్టి చేతి నుంచి వేడి బెంచీలోకి పోతుంది. ఇనుము ఆ వేడిని గబగబా లాక్కుపోతుంది, చెక్క నెమ్మదిగా తీసుకుంటుంది. చేతికి తెలిసేది వస్తువు ఎంత చల్లగా ఉందో కాదు, మన వేడి ఎంత తొందరగా పోతుందో. బోర్డు మీద ఒక్క వాక్యం రాయండి: వేడి ఎప్పుడూ ఎక్కువ ఉష్ణోగ్రత ఉన్నచోటి నుంచి తక్కువ ఉన్నచోటికే పోతుంది. "చలి లోపలికొస్తుంది" అని మనం ఇంట్లో అంటాం. నిజానికి చలి అనేది ఎక్కడి నుంచీ రాదు, వేడే బయటికి పోతుంది. ఈ ఒక్క మాట దగ్గర పిల్లలు చాలాసేపు వాదిస్తారు. వాదించనివ్వండి.

ఈ బెంచీ పేజీకి ఒక మూల మడత పెట్టించండి. ఏప్రిల్‌లో దానితో పని ఉంది.

రెండో అడుగు: తీగ మీద పిన్నులు

ఒకే పొడవు, ఒకే మందం ఉన్న రాగి, అల్యూమినియం, ఇనుప తీగలు తీసుకోండి. ప్రతి తీగకూ మూడు సెంటీమీటర్లకొక మైనం చుక్క వేసి, ఒక్కో డ్రాయింగ్ పిన్ను కిందికి వేలాడేట్టు అతికించండి. మూడు తీగల కొసలనూ ఒకే మంట మీదికి తెచ్చి, రెండో కొసలను ఇటుకల కింద బిగించండి. మంటకు దగ్గరున్న పిన్ను ముందు పడుతుంది, తర్వాత దాని పక్కది. వేడి ఒక చివరి నుంచి ఇంకో చివరికి నడిచిపోవడం కంటికి కనిపిస్తుంది. తీగ కదల్లేదు, వేడి మాత్రం కదిలింది. ఇదే వహనం. ఈ మాటను ఇప్పుడు బోర్డు మీద రాయొచ్చు.

ఏ తీగ గెలుస్తుందో ముందే రాయించండి. చాలామంది ఇనుము అని రాస్తారు, అది బలమైనదని. గెలిచేది రాగి, వెనకాలే అల్యూమినియం. మొదటిసారి నేను ఇది చేసినప్పుడు ఫ్యాను ఆపడం మర్చిపోయాను. మంట ఊగి ఒక తీగకే ఎక్కువ తగిలి ఇనుము గెలిచింది! పిల్లలు అదే రాసుకున్నారు, మర్నాడు మళ్లీ చేసి సరిచేయాల్సి వచ్చింది. అందుకే ముందు ఫ్యాను ఆపండి, గాలి వచ్చే వైపు కిటికీ మూయండి.

వహన సామర్థ్యం అంకెల్లో చెబితే పెద్ద పిల్లలు ఇష్టపడతారు. రాగి 400 అనుకుంటే, అదే కొలతలో అల్యూమినియం దాదాపు 235, ఇనుము 80, మన ఇళ్లల్లోని స్టెయిన్‌లెస్ స్టీలు 15 చుట్టూ, గాజు 1, కట్టె 0.2 కంటే తక్కువ, గాలి 0.025. స్టీలు ఇంత కింద ఉందని చూసి ఆశ్చర్యపోతారు. కొన్ని స్టీలు గిన్నెలకు అడుగున రాగి పూత ఎందుకు వేస్తారో అప్పుడు అడగండి. మధ్యాహ్న భోజనం వండే అమ్మ దగ్గరికి పిల్లల్ని తీసుకెళ్లి, పెద్ద అల్యూమినియం బగోనెను ఆమె మసిగుడ్డతోనో పట్కారుతోనో ఎందుకు పట్టుకుంటుందో ఆమెనే అడగమనండి. "మరి చెయ్యి కాలదా బిడ్డా?" అంటుంది. ఆ జవాబును "ఎందుకు" గడిలోకి మార్చి రాయడం పిల్లల పని.

మూడో అడుగు: గొంగడిలో ఐసు

నాకు అన్నిటికంటే ఇష్టమైన కృత్యం ఇది. పాలమూరు, నల్లగొండ పల్లెల్లో గొంగడి తెలియని పిల్లలు తక్కువ. కురుమలు దక్కనీ గొర్రెల ఉన్నితో నేస్తారు. మంద వెంట పోయే కాపరి చలికి దాన్నే కప్పుకుంటాడు, వానకు దాన్నే నెత్తిన వేసుకుంటాడు, ఎండకూ అదే.

ఒకే ట్రేలో గడ్డకట్టిన ఒకే సైజు ఐసు ముక్కలు నాలుగు తీసుకోండి. ఒక్కోదాన్ని చిన్న ప్లాస్టిక్ సంచిలో వేసి గట్టిగా ముడివేయండి. ఒకటి స్టీలు పళ్లెంలో ఊరికే వదిలేయండి. ఒకటి దస్తీలో ఒకే పొరగా చుట్టండి. ఒకటి వరిపొట్టు నింపిన డబ్బా మధ్యలో పూడ్చండి. ఒకటి గొంగడి మడతల్లో పెట్టండి. ఇప్పుడు అంచనా: ఏది అందరికంటే ముందు కరుగుతుంది?

"గొంగడిలది సార్, గొంగడి వేడి గదా" అని ఒక పిల్లవాడు ప్రతి ఏడాదీ అంటాడు. పేరు మారుతుంది కానీ మాట మారదు. మొన్న ఒక పిల్ల మాత్రం, "మా తాత ఎండాకాలం కూడా కప్పుకుంటడు సార్, గంత వేడిగుంటే ఎట్ల కప్పుకుంటడు?" అంది. క్లాసు రెండుగా చీలిపోయింది. నేను ఏ వైపూ మాట్లాడలేదు. ఇక్కడ టీచరు నోరు మూసుకోవడం చాలా కష్టం, కానీ మూసుకోవాలి.

నలభై నిమిషాల తర్వాత సంచులు విప్పి, ఒక్కోదాంట్లో కరిగిన నీళ్లను కొలజాడీలో పోసి కొలవండి. కొలజాడీ లేకపోతే మందు సీసా మూత మీది గీతలు చాలు. పళ్లెంలోది ఎక్కువ కరిగి ఉంటుంది, గొంగడిలోదీ పొట్టులోదీ ఇంకా గడ్డగానే ఉంటాయి. గొంగడి వేడి ఇవ్వదు. ఉన్ని పోగుల సందుల్లో చిక్కుకున్న గాలి వేడిని సులువుగా దాటనివ్వదు. మనిషి కప్పుకుంటే లోపలి వేడి బయటికి పోదు, ఐసుకు కప్పితే బయటి వేడి లోపలికి రాదు. ఐసు గడ్డలు అమ్మేవాళ్లు పొట్టులో, గోనెసంచుల్లో ఎందుకు కప్పి ఉంచుతారో ఇక మీరు చెప్పనక్కర్లేదు.

ఒక జాగ్రత్త. ఇక్కడ ఎవరో ఒకరు మట్టికుండ సంగతి తెస్తారు, "రంజన్‌ల నీళ్లు కూడ గట్లనే సల్లగుంటయి గదా" అని. రంజన్ కథ వేరు. కుండ గోడల సన్నటి రంధ్రాల నుంచి చెమ్మ బయటికొచ్చి ఆవిరయ్యేటప్పుడు లోపలి నీళ్ల వేడిని తీసుకుపోతుంది. రెండిటినీ కలపకుండా, దాన్ని ఇంకో రోజు ప్రశ్నగా బోర్డు మూలన రాసిపెట్టండి.

నాలుగో అడుగు: గులాబీ దారం

నీళ్లు మంచి వాహకమా? పరీక్షనాళికలో అడుగున ఒక ఐసు ముక్కను వేసి, అది పైకి తేలకుండా తీగ చుట్టతో అదిమిపెట్టండి. పైన నీళ్లు పోసి, నాళికను పట్కారుతో వాలుగా పట్టుకుని నీళ్ల పైభాగాన్నే వేడిచేయండి. పైన నీళ్లు మరుగుతుంటాయి, అడుగున ఐసు అట్లే ఉంటుంది. నీళ్లు వేడిని సరిగ్గా మోయలేవని ఇంతకంటే బాగా ఎవరూ చెప్పలేరు. మరి అడుగు నుంచి వేడిచేస్తే బగోనెలో నీళ్లన్నీ ఎలా కాగుతున్నాయి?

దానికి జవాబు పర్మాంగనేట్ ఇస్తుంది. గాజు బీకరులో చల్లటి నీళ్లు పోసి, కదలకుండా అయిదు నిమిషాలు వదిలేయండి. చిన్న స్ట్రాను బీకరు అంచు వెంట అడుగు దాకా దించి, అందులోంచి రెండంటే రెండు గింజలు జారవిడవండి. స్ట్రా పై కొసను వేలితో మూసి మెల్లగా బయటికి తీయండి. గింజలను పైనుంచి వేస్తే దారి పొడవునా రంగు విడిచి నీళ్లన్నీ ఊదా అయిపోతాయి, చూడడానికేమీ మిగలదు. వేలితో ముట్టుకోవద్దు, మరక రోజుల తరబడి పోదు. ఇప్పుడు గింజలున్న మూల కింద మాత్రమే చిన్న మంట పెట్టండి. వెనకాల తెల్లకాగితం నిలబెట్టండి.

మొదట అడుగున కొంచెం గులాబీ రంగు పాకుతుంది. తర్వాత సన్నటి దారంలాంటిది ఒకటి లేచి నిలువునా పైకి పోతుంది. నీటి పైభాగానికి చేరాక వంగి, పక్కకు పరుచుకుని, ఎదుటి గోడ వెంట కిందికి దిగి, అడుగున తిరిగి మంట వైపే వస్తుంది. పిల్లలు ఊపిరి బిగబట్టి చూస్తారు. వేడెక్కిన నీళ్లు తేలికై పైకి పోవడం, చల్లటి బరువైన నీళ్లు ఆ జాగాలోకి రావడం, ఆ చక్రం అలాగే తిరగడం: ఇదే సంవహనం. ఇక్కడ వేడితో పాటు పదార్థం కూడా కదులుతుంది. తీగలో కదల్లేదు కదా, ఆ తేడాను పిల్లల చేతే చెప్పించండి.

గాలికీ ఇంతే. కాగితాన్ని పాము చుట్టలా కత్తిరించి దారంతో వేలాడదీసి, కింద చాలా దూరంలో కొవ్వొత్తి పెడితే తిరుగుతుంది. పక్కనుంచి అగరుబత్తి పొగ వదిలితే ఎటు పోతుందో కనిపిస్తుంది.

పుస్తకాల్లో దీనికి ఉదాహరణగా సముద్రపు గాలి, భూపవనం అని ఉంటుంది. మా పిల్లల్లో చాలామంది సముద్రం చూడలేదు. వాళ్లకు తెలిసింది వేరే ఉంది: ఏప్రిల్, మే నెలల్లో దున్నిన చెలకల్లో దుమ్ము లేపుకుంటూ తిరిగే సుడిగాలి, రాళ్లగుట్టల మీద రెక్క ఆడించకుండా గుండ్రంగా తిరుగుతూ పైకి పోయే గద్ద. ఎండకు కాగిన నేల మీది గాలి పైకి లేస్తుంది, గద్ద దాని మీద ఎక్కి తిరుగుతుంది. నేను ముందు వీటిని అడిగి, తర్వాతే సముద్రానికి పోతాను.

అయిదో అడుగు: మధ్యలో ఏమీ లేకుండా

ఇస్త్రీ పెట్టెను వేడిచేసి, ప్లగ్గు తీసి, నిలువుగా నిలబెట్టండి. పిల్లలు ఒక జానెడు దూరంలో, పక్క వైపున అరచెయ్యి పెట్టాలి. వేడి తగులుతుంది. వేడిగాలి పైకి పోతుందని ఇప్పుడే చూశాం, మరి పక్కకు ఎలా వచ్చింది? మధ్యలో ఒక కాగితం అడ్డం పెడితే వెంటనే ఆగిపోతుంది, తీస్తే వెంటనే వస్తుంది. ఈ "వెంటనే" అన్నదాన్ని పిల్లలు గమనించేలా చేయండి. ఇది వికిరణం. దీనికి పదార్థమే అక్కర్లేదు, సూర్యుడి వేడి ఖాళీ అంతరిక్షం దాటి మనదాకా వచ్చేది ఇలాగే. ఇంతకుముందు 60 వాట్ల బల్బు కింద చెయ్యి పెట్టించేవాళ్లం. ఎల్ఈడీ బల్బుతో ఈ పని కాదు.

కంటికి కనపడని ఈ వేడి కిరణాలను పట్టుకున్నదీ థర్మామీటరుతోనే. 1800లో ఖగోళ శాస్త్రవేత్త విలియం హెర్షెల్ పట్టకంతో సూర్యకాంతిని రంగులుగా విడగొట్టి, ఎరుపు రంగు దాటిన చీకటి చోట థర్మామీటరు పెడితే అక్కడా వేడెక్కింది. పిల్లలకు ఈ కథ తప్పకుండా చెప్పండి, వాళ్ల చేతిలో ఉన్న పనిముట్టుతోనే ఆయన ఆ పని చేశాడు.

తర్వాత ఎండలోకి పదండి. ఒకేలాంటి రెండు డబ్బాల్లో ఒకదానికి దీపం మసి పూయండి, ఇంకోదానికి సున్నం. సమానంగా నీళ్లు పోసి, మూతలకు చిల్లులు పెట్టి థర్మామీటర్లు దించి, ఎండలో పక్కపక్కన పెట్టండి. అయిదు నిమిషాలకోసారి ఇద్దరు పిల్లలు చదవాలి, ఒకరు బోర్డు మీద గ్రాఫు గీయాలి. అరగంటలో రెండు గీతలూ విడిపోతాయి, నలుపుది పైన ఉంటుంది.

మిగిలిన పది నిమిషాల్లో ఫ్లాస్కు చూపించండి. 1892లో జేమ్స్ డ్యూవర్ అనే శాస్త్రవేత్త తయారుచేసిన పాత్రే దీనికి మూలం. రెండు గాజు గోడల మధ్య గాలి తీసేశారు, గాజుకు అద్దం పూత వేశారు, పైన బిరడా పెట్టారు. ఏ ఏర్పాటు ఏ దారిని మూస్తుందో గుంపులుగా కూర్చుని వాళ్లే తేల్చాలి.

ఆరో అడుగు: ఇల్లూ, రేకులూ, రొట్టే

రెండు చెప్పుల డబ్బాలకు మూతలుగా రేకు ముక్కలు పెట్టండి, ఒకదాని పైన సున్నం కొట్టండి. లోపల థర్మామీటర్లు పెట్టి మధ్యాహ్నం ఎండలో ఒక గంట ఉంచండి. రేకుల ఇళ్లలో ఉండే పిల్లలకు ఈ అంకెలు ఊరికే అంకెలు కావు. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ (ఎండ వేడిని తక్కువ పట్టే పైకప్పు) విధానం తెచ్చింది, దాని మూలంలో ఉన్నదీ ఈ డబ్బా సూత్రమే. ఒక ఏడాది ఒక పిల్లవాడు నాన్నతో కలిసి తమ రేకులకు సున్నం కొట్టించి వచ్చి చెప్పాడు. ఆ రోజు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

పరీక్షగా నేను ప్రశ్నపత్రం ఇవ్వను. ఇంటికి పోయి జొన్నరొట్టె చేస్తుంటే పొయ్యి పక్కన కూర్చుని చూసి రమ్మంటాను. పెనం మీద రొట్టె కాలడం, పొయ్యి నోటి దగ్గర నిలబెట్టిన రొట్టె నిప్పుల సెగకు పొంగడం, పొగ ఎటు పోయింది, కూర్చున్న వాళ్ల మోకాళ్లకు సెగ ఎందుకు తగిలింది: అన్నీ బొమ్మ గీసి బాణం గుర్తులతో చూపించాలి. గ్యాసు పొయ్యి ఉన్నవాళ్లు అదే గీయొచ్చు. బాణం వేడి ఉన్నచోటి నుంచి లేనిచోటికి గీశారా అన్నది ముందు చూడండి. బాణం తిరగబడితే ఆ పిల్లకు మొదటి అడుగు మళ్లీ కావాలి.

ఏప్రిల్‌లో ఒక్క పీరియడ్

ఒంటిపూట బడులు నడుస్తుంటాయి. బడి వదిలే ముందు పీరియడ్‌లో, గదిలో నలభై డిగ్రీలు దాటిన రోజు చూసి, మడత పెట్టిన పేజీ తీయించండి. మళ్లీ అదే బెంచీ, ఒక చెయ్యి ఇనుము మీద, ఒక చెయ్యి చెక్క మీద. ఈసారి ఇనుమే వేడిగా తగులుతుంది. థర్మామీటర్లు ఈసారీ రెండూ ఒకటే చెబుతాయి. బెంచీ మన చర్మం కంటే వేడిగా ఉంది కాబట్టి వేడి ఇప్పుడు చేతిలోకి వస్తోంది, ఇనుము దాన్ని గబగబా తెస్తోంది.

జనవరి పేజీ పక్కనే ఏప్రిల్ పేజీ రాయించండి. మధ్యలో ఫిబ్రవరి చివర, గది సరిగ్గా చర్మం అంత వెచ్చగా ఉన్న రోజు ఇనుము, చెక్క ఎలా తగులుతాయని పోయినేడు వెనక బెంచీ పిల్ల ఒకతి అడిగింది. "ఒక్కతీరే ఉంటయి సార్" అని తనే జవాబు చెప్పి, నిజమో కాదో చూడడానికి వచ్చే ఏడాది రోజూ మధ్యాహ్నం బెంచీ ముట్టి రాస్తానని నోటుబుక్కు చివరి పేజీలో గడులు గీసుకుంది.